పీపా దాకా

కొబులేటి ఒడ్డున ఇసుక ఉండదు,
అన్నీ గులకరాళ్ళే.
ఎవరెంత మెల్లగా నడిచినా నాకు వినబడుతుంది.
పడవలు అద్దెకిచ్చేవాణ్ణి.
తెల్లారి ఐదింటికి తాళాలు తీస్తాను,
చేతి వణుకు కాస్త ఆగాక.

లమారా అడుగుల కంటే ముందు
ఆమె తిట్లు వచ్చేవి.
"ఎవరు చూడాలని ఈ వేషం?
అరవైమూడేళ్ళ ముసలిదానికి ఈతట, ఈత!
బండరాయివే నువ్వు, బండరాయివి."
ఎవరితోనో తగువు పడుతోందనుకున్నాను మొదటిరోజు.
చూస్తే వెనక ఎవరూ లేరు.
భుజాన ఒక తువ్వాలు,
ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి లాగిన
రెండు చేతులు.

నన్నూ ఆమే లాగిందట.
కాళ్ళు ముందు పెట్టుకుని వచ్చానట.
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏదొచ్చినా పట్టాలి మరి.

ఒడ్డుకి నూటయాభై మీటర్ల అవతల
లంగరుకు కట్టిన నారింజరంగు పీపా ఒకటి తేలుతుంటుంది.
దాన్ని ముట్టుకోవాలి. అంతే ఆమె కోరిక.
ఎందుకని అడిగాను.
"ఇంతవరకు ముట్టుకోలేదు కాబట్టి" అంది.

జూన్ అంతా నడుములోతు.
జులైలో మెడలోతు.
నీళ్ళు గడ్డానికి తగలగానే మొదలయ్యేది:
"చూశావా, చెప్పలేదూ, మునుగుతావని!"
నిజంగానే మునిగేది.
ఇరవైనాలుగ్గంటలూ పక్కనే ఉండి చెప్పేవాళ్ళ మాట
ఎవరు మాత్రం కాదంటారు?

కొన్నాళ్ళు తిట్లు మాని పొగడ్తలు పట్టింది.
మనవరాలు నేర్పిందట, అద్దంలో చూసి చెప్పుకోమని.
"నేను చేపను. నాకు భయం లేదు. నేను చేపను."
సముద్రం అన్నీ వింటుంది గానీ
అబద్ధాన్ని మోయదు.
ఆ వారం రెండుసార్లు పడవేసుకుని వెళ్ళాల్సొచ్చింది.
రెండోసారి పడవ అంచు పట్టుకుని
ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా
"చేపను కాదు" అంది నాతో,
చాలా మర్యాదగా.

తర్వాత నాలుగురోజులు రాలేదు.

ఆగస్టులో ఒక పొద్దున, గాలి లేదు,
నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి.
అలాంటప్పుడు అక్కడి మాట ఇక్కడికి నడిచొస్తుంది.
సగం దూరంలో ఆగిపోయింది లమారా.
తల మునిగింది, లేచింది.
నేను తెడ్డు అందుకున్నాను.
అప్పుడు వినబడింది.

"తెలుసు తల్లీ, తెలుసు. భయంగానే ఉంటుంది.
దవడ వదులు చెయ్యి.
దూరం చూడకు, అదెక్కడికీ పోదు.
ఇదొక్కటి.
ఆఁ. అయిపోయింది చూడు.
ఇప్పుడు ఇంకొక్కటి, లమారా."

తెడ్డు కింద పెట్టేశాను.
ఆ గొంతు నాకు తెలుసు.
నా కొడుకు పుట్టిన రాత్రి
గోడకివతల నిలబడి తొమ్మిదిగంటలు విన్నాను.
అందులో పొగడ్త లేదు, తిట్టు లేదు,
రేపటి ఊసు లేదు.
నలభైయేళ్ళుగా ఊరంతా పంచిపెట్టిన మాట,
తన వాటా ఎన్నడూ తీసుకోలేదు ఆవిడ.

ముట్టుకుందా అంటారా?
ఆరోజు లేదు.
పది బారల దూరంలో అల లేచింది, వెనక్కి తిరిగింది.
"అడ్డం తిరిగినప్పుడు తొందరపడకూడదు"
అని తువ్వాలు పిండుకుంటూ అంది,
ఎవరి గురించో చెబుతున్నట్టు.

సెప్టెంబరులో, మునిసిపాలిటీవాళ్ళు
పీపాలు విప్పుకుపోయే ముందురోజు, ముట్టుకుంది.
ఎలా ఉందని అడిగితే
"నాచు పట్టి జారుతోంది" అంది. అంతే.
రాళ్ళమీద టకటకా వెళ్తూ
"చెప్పులు మర్చిపోయావే, మతిలేనిదానా!"
అని మళ్ళీ వెనక్కొచ్చింది.
పాతగొంతు ఎక్కడికి పోతుంది,
చెప్పులు వెతకడానికి పనికొస్తోంది.

ఇప్పుడు సీజను లేదు.
పడవలు బోర్లించి ఉన్నాయి.
అయినా ఐదింటికే లేస్తున్నాను.
అలమరలో సీసా ఉంది, మూత తియ్యనిది,
ఇవాళ్టికి పదకొండోరోజు.
తాళంచెవి పట్టుకుని వణికే ఈ చేతితో
నేనూ రెండు మాటలు చెప్పి చూస్తున్నాను,
ఇంకా అలవాటు కాక,
ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని,
సిగ్గుపడుతూ.