చెయ్యి మార్చుకునే చోటు

హూడి మెట్రో చుట్టూ కంపాస్‌తో
అర కిలోమీటరు సున్నా చుట్టాను.
సున్నాలోపలి ఇళ్ళకు బస్సు అక్కర్లేదని
ఆఫీసులో మా లెక్క.

సుంకులమ్మ ఇల్లు సున్నాలోనే ఉంది.
రాత్రి తొమ్మిదీ నలభైకి రైలు దిగి
నా ముందు నడిచింది:
అపార్ట్‌మెంటు ప్రహరీ ఎంత పొడవో అంతా,
పట్టాలు దాటి, మళ్ళీ వెనక్కి,
బండ లేచిపోయిన మురిక్కాలవ మీదుగా.
నా ఫోన్‌లో రెండు వేల ఆరువందల అడుగులు.

"ఆటోవోడు ఎనభై అంటాడు సార్.
ఎనభైకి రేపటి పాలొస్తాయి, కూరాకొస్తాది."

మ్యాపులో నువ్వు దగ్గరే ఉన్నావమ్మా
అన్నాను, సిగ్గులేకుండా.
ఆగి, మడమ దగ్గర అరిగిన చెప్పు
తిప్పి చూపించింది.
"దీనికేం తెల్సు సార్, మీ సున్నా."

ట్రాన్స్‌ఫార్మర్ కింద సంచి దించి
చెయ్యి మార్చుకుంది. రోజూ అక్కడేనట.
వెనకొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళూ
అక్కడే దించారు.

పొద్దున ఆ చోట ఒక చుక్క పెట్టాను.
స్టాపు ఇక్కడే ఎందుకన్నారు పైవాళ్ళు.
కారణం అనే గడిలో
చాలాసేపు ఏమీ తోచక
బరువు అని రాశాను.

ఫైలు ఏ బల్ల మీదుందో.
సుంకులమ్మ ఈ రాత్రికీ
చుక్క దాకా నడిచి
చెయ్యి మార్చుకుంటుంది.