ఒంటి తెడ్డు

ఆరేళ్ళు నేను చూసింది ఆమె వీపే.
ఇద్దరమే పట్టే పడవ మాది, చెరో తెడ్డు.
నా ఎదుట కూర్చునేది లాసరీనా.
మెడ మీద చెమట ఉప్పు ఎంత తెల్లగా కట్టిందో చూసి
ఎన్ని కిలోమీటర్లు లాగామో చెప్పగలిగేదాన్ని.
ముఖం మాత్రం రేవులోనే.

ఇన్నిస్కారా సరస్సు మీద తెల్లవారకముందే
బొబ్బ చితికి, దాని మీద ఇంకో బొబ్బ లేచి
అరచేతులకు వేరే చర్మం వచ్చింది.
ఒకరి తెడ్డు వెంట్రుకవాసి ఆలస్యమైతే
మాకంటే ముందు పడవకు తెలిసేది.

ఒలింపిక్స్‌కి పంతొమ్మిది రోజులుండగా
ఆమె పక్కటెముక చిట్లింది.
ఆ చప్పుడు నేను విన్నాను,
ఎవరో కవరు చించినట్టు.
మా బదులు వేరే జంట వెళ్ళింది. నేను టీవీ కట్టేశాను.

ఎముక అతుక్కుంది. ఆమె తిరిగి రాలేదు.
డబ్లిన్‌లో పాత ఐరిష్ నేర్చుకుంటోందిట,
వెయ్యేళ్ళ నాటి చట్టాలు, దూడతోలు మీద రాసినవి,
భూతద్దం పెట్టి చదువుతోందిట.
ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గాని
నడి ఏట్లో తగలేసిన మనిషి ఈమే
అనుకుంటూ గడిపాను పదకొండేళ్ళు,
గాల్వేలో ముసలివాళ్ళ మోకాళ్ళకు వ్యాయామం నేర్పుతూ.

మార్చిలో ఫోను.
"నీ స్టాప్‌వాచ్ ఉందా ఇంకా?"
పలకరింపు లేదు, ఎలా ఉన్నావని లేదు.

ఆమెకు దొరికిన చట్టం ఇదిట:
కొన్ని నేరాలకు ఆడదాన్ని చంపరు.
పడవలో కూర్చోబెట్టి
గట్టు మీది తెల్లడాలు కనుమరుగయ్యేంత దూరం తోస్తారు.
ఒక తెడ్డు, ఒక ముంత గంజి.
ఆపైన గాలి ఇష్టం, దేవుడి ఇష్టం.
ఆ పుట అంచున రాతగాడి సణుగుడు:
చలి, సిరా పలచన, చెయ్యి లాగేస్తోంది.
"వాడికి భుజంలో ఎక్కడ నొప్పో నాకు తెలుసు" అంది.

ఒంటి తెడ్డుతో పడవ గానుగెద్దులా తిరుగుతుంది,
కాబట్టి ఆ తెడ్డు ఉత్త లాంఛనం
అన్నాడట సెమినార్‌లో పెద్ద ప్రొఫెసరు.
తెడ్డు పట్టని వాళ్ళందరూ తలలూపారట.
లాసరీనా ఊపలేదు.

కెర్రీ తీరాన ఒక చిన్న రేవు.
కోర్మక్ అనే జాలరి దగ్గర అద్దెకు తీసుకున్న పడవ,
సన్నటి కర్రల తడక మీద తారు పూసిన గుడ్డ.
ఆమె నిజంగానే గంజి కాచి తెచ్చింది, స్టీలు ఫ్లాస్కులో.
"ఇదెందుకే?"
"ముంతెడు గంజి ఎంత దూరం లాగిస్తుందో రాసుకోవద్దూ?"
నవ్వకూడదనుకున్నాను.

వెనక కొసన మోకాళ్ళ మీద కూర్చుంది.
పడవ ప్రొఫెసరు చెప్పినట్టే తిరిగింది.
రెండు చుట్లు. మూడు.
కోర్మక్ ఏదో అనబోయి పైపు నోట్లో పెట్టుకున్నాడు.
అప్పుడామె ప్రతి లాగుడు చివరా
మణికట్టు కాస్త బయటికి తిప్పింది,
తుప్పు పట్టిన తాళంలో చెవి తిప్పినట్టు, జాగ్రత్తగా.
పడవ ముక్కు నిలకడకొచ్చింది.
తిన్నగా పోయింది.

నలభై ఒక్క నిమిషాలు. మైలుంపావు. ఎదురు అల.
ఆమె నోటుబుక్కులో నా చేత్తో రాశాను.
ఇంటికి దారి వదిలిపెట్టిన శిక్ష అది,
చేతులకు తెలిస్తే, అంది తర్వాత, ఒళ్ళంతా వణుకుతూ.
ఎవరికి తెలుస్తుందే అంటే
"జాలరుల కూతుళ్ళకి. రాణులు మునిగే ఉంటారు."

నేను రాయనిది ఒకటుంది.
తిరిగొచ్చేటప్పుడు ఆమె గట్టుకేసి, నాకేసి
చూస్తూ వచ్చింది.
తెడ్డు వేసేటప్పుడు లాసరీనా
కింది పెదవి కొరుక్కుంటుంది, ఎడమ పక్క.
ఆరేళ్ళు ఒకే పడవలో ఉన్నాం.
నాకా సంగతి తెలీదు.