మూత ఆనే చోటు

పైన్ కట్టెల బూడిద రెండు పాళ్ళు,
కొండ కింద కుళ్ళిన ఆకుల మట్టి ఒక పాలు.
పది రోజులు నానబెట్టి, చవుడు నీళ్ళు వంచేసి,
మళ్ళీ నానబెట్టి,
సన్న జల్లెడ పట్టి
తొట్టిలో చెయ్యి ముంచి చూస్తాను.
గోరు అంచు కనబడితే పలచన.
గోరు మాయమైతే చిక్కన.
గోరు ఉందా లేదా అని అనుమానం వస్తే
అదీ పూత.

ఇది నాకెవరూ చెప్పలేదు.
నలభై ఏళ్ళుగా గోళ్ళే చెబుతున్నాయి.

కాంగ్జిన్ తీరంలో ఈ కుండల పాకలో
నన్నెవరూ పేరుతో పిలవరు.
పుట్టిన ఊరు పెట్టి 'బొల్గ్యో ఆవిడా' అంటారు.
చేసేది ప్యో అన్నదమ్ములు.
పెద్దాయన దల్సూ కుండలు లాగుతాడు,
చిన్నాయన హక్సూ మూతలు.
మూడేళ్ళ కిందట సముద్రపు గట్టు పక్క
చారెడు నేల దగ్గర మాట తెగింది.
అప్పట్నించి ఇద్దరి మధ్యా ఒక వెదురు పుల్ల తిరుగుతోంది.
పెద్దాయన కుండ మూతి కొలిచి
పుల్ల మీద గాటు పెట్టి మేకుకి తగిలిస్తాడు.
చిన్నాయన తీసుకెళ్తాడు.
ఇన్నాళ్ళలో ఒక్క మూతా వదులు కాలేదు,
ఒక్కటీ బిగుసుకోలేదు.

మధ్యలో నేను,
మోచేతుల దాకా బూడిద రంగు.

పూతకి ముందు మేం కుండల్ని కాల్చం.
ఎండినా అవి పచ్చివే.
నీళ్ళు తాగితే పుట్టిన మట్టి గుర్తొస్తుంది వాటికి.
అందుకని లోపల ఒక చెంబు పోసి
గిర్రున ఒక చుట్టు తిప్పి వంపెయ్యాలి.
బోర్లించి, పాదం పట్టుకుని తొట్టిలో దించి
ఐదు లెక్కపెట్టే లోపు పైకి తీయాలి.
ఆరో అంకె దగ్గర
కొత్తలో ఎన్ని గిన్నెల్ని చేతుల్లోనే పోగొట్టుకున్నానో!

తడి ఆరేలోపు
బొటనవేలితో గిన్నె పక్కన ఒక్క గీత,
గడ్డి వంగినట్టు.
ఏం బొమ్మ ఇది, అని పట్నం వాళ్ళడుగుతారు.
ఏం బొమ్మా కాదు, వేలికి దురద.

తర్వాతది అసలు పని.
తడి గుడ్డతో
కుండ మూతి లోపలి గట్టు తుడవాలి,
మూత ఆనే అంచు తుడవాలి,
పాదం తుడవాలి.
బూడిద నిప్పులో గాజవుతుంది,
కరిగే గాజు ఎవర్నైనా కరుచుకుంటుంది.
రెండు తాకే చోట మాత్రం
ఉత్త మట్టే ఉండాలి.

పోయినేడు ఆకులు రాలే నెలలో
ఉప్పు రొయ్యల కోసం చేసిన చిన్న మూత కుండ ఒకటి
తుడవడం మరిచాను.
మరిచానో,
గుడ్డ పిండుకుంటూ అటు చూసి ఇటు తిరిగానో.
ఆ ఉదయం ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర
ఒకరికొకరు వీపు పెట్టి చలి కాచుకోవడం
చూసిన మాట నిజం.

ఐదు రోజుల మంట, నాలుగు రోజుల చల్లార్పు.
ఆవం గుమ్మం ఇటుకలు తీసి
ఒక్కో కుండా బయటికి అందిస్తుంటే
అది దొరికింది.
పెద్దాయన మూత లాగాడు. రాలేదు.
చెక్కతో తట్టాడు. రాలేదు.
కుండని ఒళ్ళో ఇరికించుకున్నాడు.
చిన్నాయన, ఎవరూ పిలవకుండానే,
వచ్చి రెండు చేతులా మూత పట్టాడు.
ఒకరు ఇటు, ఒకరు అటు.
మెడల మీద నరాలు ఒకేలా లేచాయి.
వాళ్ళమ్మకీ అలాగే లేచేవి, ముల్లంగులు పెరికేటప్పుడు.

రాలేదు.

ఇద్దరూ తలెత్తారు.
మూడేళ్ళ తర్వాత
రెండు నోళ్ళ నుంచి ఒకే మాట:
"తుడిచింది ఎవరు?"

చూసింది నా వైపు.

ఆ వారం నా కూలిలో కోత పడింది.
పెద్దాయన కుండకి, చిన్నాయన మూతకి
ఎవరి లెక్క వాళ్ళు విడిగా కోసుకున్నారు.
మాట మళ్ళీ పుల్ల మీదికే పోయింది.

దాన్ని మాత్రం పారెయ్యలేదు.
చూరు కింద ఉంది.
ఊపితే లోపల ఏదో గలగలమంటుంది,
పూత పెంకో, ఇసుక రవ్వో.
పెద్దాయన అటు పోతూ ఒకసారి మూత తిప్పి చూస్తాడు.
మర్నాడు చిన్నాయన.

ఈ పూట నలభై గిన్నెలు,
పద్దెనిమిది మూత కుండలు.
పదిహేడు తుడిచేసరికి
గుడ్డ ఆరిపోయింది.