నూనె మరక

కృష్ణానగర్ గోదాంల నా దగ్గర
గోడ గడియారాలు పదకొండు.
ఒక్కటీ నడవదు.
నడిస్తే తంటా,
ఒక షాటుకు ఇంకో షాటుకు నడుమ
మనిషి ఏడుపు అట్లనే ఉంటది, టైమ్ మారిపోతది.

జుమ్మెరాత్ బజార్‌ల బేరమాడి తెచ్చిన అద్దమొకటి,
మూలకు ఐదు బొట్టుబిళ్లలు, ఎవరివో.
గోకి తీయొద్దని పిల్లగాళ్లకు చెప్పిన.
పెళ్లయిన ఇంటికి ఆ అద్దమే పోతది,
పెళ్లి విరిగిన ఇంటికీ అదే.
రోజు కిరాయి నూట ఇరవై.
ఒక ట్రంకుపెట్టె ఉన్నది, లోపల ఏమీ లేదు.
లేదని తెల్సి గూడ
తెరిచే ముందు పెద్ద పెద్ద యాక్టర్లు
ఒక్క గడియ ఆగుతరు.

మొన్నటి సినిమాకు రెండర్రల ఇల్లు కట్టినం.
కాగితం మీద అది విద్యానగర్‌ల పోర్షన్.
ప్లైవుడ్డు, మేకులు,
కప్పు ఉండాల్సిన జాగల లైట్లు.
ఖాజా మియా రెండు రోజులు గోడకు వయసు పోసిండు.
చాయ్ డికాషన్ చల్లిండు, పొగ పట్టించిండు,
క్యాలెండర్ తీసేసిన జాగ ఒక్కటి తెల్లగ వదిలిండు.

డైరెక్టర్ చిన్న పోరడు. మంచోడే.
బిడ్డ వస్తది, తండ్రి లేడు, ఇల్లు ఖాళీ చెయ్యాలె.
నాలుగు డైలాగులుండె.
నాలుగూ కొట్టేసిండు.
"అన్నా, ఆయన ఇక్కడ బతికిండని తెల్వాలె.
ఫోటో వద్దు. ఫోటోకు దండ అసలే వద్దు."

కళ్లద్దాలు పెట్టి చూసిన, అబద్ధం లెక్క ఉన్నది.
చేతికర్ర పెట్టిన, నాటకం లెక్క ఉన్నది.
గడప పక్కన చెప్పులు పెట్టిన,
లైట్‌బాయ్ తొడుక్కొని బాత్రూంకు పోయిండు.

అప్పుడడిగిన, కొబ్బరినూనె ఉన్నదా ఎవరి దగ్గరన్న?
హెయిర్ డ్రెస్సర్ కళావతమ్మ సీసా ఇచ్చింది.
మంచం పక్క గోడకు
అరచేత్తోటి, గుండ్రంగ, ఒత్తి ఒత్తి రాసిన.
ఏండ్ల తరబడి ఒక తల ఆనుకున్న జాగ.
"ఎంత ఎత్తుల?" ఖాజా మియా టేపు తీసిండు.
వద్దన్న.

నాకు ఎరికే ఎంత ఎత్తో.
కూసున్న మనిషికి,
కొంచెం ఎడమకు ఒరిగి నిద్రపోయే మనిషికి.
మా అన్న బాల్‌నర్సయ్య
రాత్రంత ఏటీఎం కాడ నిలబడి వచ్చి,
పండుకుంటే దగ్గొస్తదని
బోరబండ అర్రల గోడకు ఒరిగే కన్ను మూసెటోడు.
ఆరేండ్లు.
ఆయన పోయినంక సామాను సర్దుతుంటే
ఓనరు ఆ మరకను వేలితోటి ముట్టి, వాసన చూసి,
అడ్వాన్స్‌ల ఎనిమిది వందలు కోసిండు.
"సున్నం ఎవడేస్తడు?"
నేనేమన్లే.
నిజమే గద, ఎవడేస్తడు.

షాట్‌ల ఆ పిల్ల
గిన్నెలు మూట గట్టింది, తాడు ముడేసింది,
మంచం జరిపింది.
అప్పుడు కనపడ్డది గోడ.
ఏడుస్తదనుకున్నం. ఏడ్వలే.
చున్నీ చివరతోటి తుడవబోయి
సగంల చెయ్యి ఆపింది.
మంచం మళ్ల దగ్గరికి గుంజి, కూసోని,
తన తల ఆ జాగల పెట్టి చూసింది.
అందలే.
మరకకు నాలుగు వేళ్లు కింద ఆగింది ఆమె తల.
ఇది ఎవరూ రాసింది కాదు.
కట్ చెప్పుడు మరిచిండు డైరెక్టర్.
ఖాజా మియా బయటికి పోయి బీడీ ముట్టిచ్చిండు.

వారం దాటినంక సెట్టు ఊడగొట్టిండ్రు.
ఆ ప్లైవుడ్డు ఇప్పుడు పక్క ఫ్లోర్‌ల పోలీస్ స్టేషన్,
పచ్చరంగు మూడు కోట్లు.
నూనె గద, రంగును పట్టనియ్యదు.
లైటు పక్క నుంచి పడితే
ఎస్సై కుర్చీ వెనుక ఇంకా మెరుస్తది.

కళావతమ్మకు కొత్త సీసా కొనిచ్చి బిల్లుల రాసిన.
కొబ్బరినూనె, ఒకటి, ముప్పై ఎనిమిది రూపాయలు.
మేనేజర్ చిట్టిబాబు కళ్లద్దాల మీది నుంచి చూసిండు.
"నూనె ఎందుకయ్యా, ఎవరి తలకు?"
"గోడకు, సార్."
సంతకం పెట్టిండు.