ఇరవై ఒక్క టక్కులు

మండలాఫీసు వాన ముప్పై ఒకటి.
మా డాబా వాన ఇరవై ఆరు.
కల్వకుర్తి మీద ఆగిన మబ్బు ఒక్కటే గదా,
నడుమ అయిదు మిల్లీమీటర్లు ఎవరు తాగినట్టు?

నిచ్చెన ఏసుకొని ఎక్కిన.
గరాటు దించి చూస్తే
లోపల సాలీడు కాపురం,
ఎండిన పావురం రెట్ట, రెండు వేపగింజలు,
ఎనక గల్లీల కడుతున్న ఇంటి సిమెంటు దుమ్ము.
పాత పండ్ల బ్రష్షు పెట్టి తోమిన.
గరాటు నోటికి సన్నజాలి చుట్టిన.

నీటిమట్టం పెడితే బుడగ నడిమిట్ల నిలవదు.
గొట్టం తూర్పుకు ఒరిగింది.
కోతులు ఊపినయని ముందు అనుకున్న,
తర్వాత కనబడ్డది నేను కట్టిన బట్టల తీగ.
తీగ ఇప్పేసిన.
మా ఇంటామె ఏమన్నదో ఇక్కడ రాయను.

మందుల షాపు నాది, సెలైన్ సెట్లకు కొదవలేదు.
వంద మిల్లీలీటర్లు కొలిచి పోసి
చక్రం బిగించి చుక్క చుక్క వదిలిన,
జరమొచ్చిన ముసలామెకు ఎక్కించినంత నిదానంగ.
తొందరపెడితే ఇది నిజం చెప్పదు.
లోపలి చిన్న గిన్నె నిండి ఒరిగినప్పుడల్లా
ఒక టక్కు.
నాలుగు మిల్లీలీటర్లకొకటి, ఇరవై అయిదు రావాలె.
ఇరవై ఒకటి వచ్చినయి.

టక్కు అంటే మోసమని గూడ అర్థముంది.
కానీ దీనిది మోసం కాదు, బద్ధకం.
నిండినంక గూడ
ఇంకింత, ఇంకింత అని కూసుంటున్నది.

గిన్నె కింద రెండు మరలు. పావు చుట్టు పైకి.
మళ్ల వంద. ఇరవై మూడు.
ఇంకో పావు. ఇరవై ఆరు. ఎక్కువ తిప్పిన.
ఎనక్కి ఒక వెంట్రుకవాసి.
షాపు తెరవాల్సిన యాళ్ల దాటి గంటకు
ఇరవై అయిదు.

లెక్కగట్టి చూస్తే నిన్నటిది గూడ ముప్పై ఒకటే.
సంబురం ఆగలే, గోడ మీదికెళ్లి కేకేసిన.
కింద ఇస్తారమ్మ, పత్తిగింజల సంచి చంకల.
మిరుగు దాటి పన్నెండు రోజులు, ఇంకా పెట్టలేదు.
ఏం మాట్లాడలే. చూపుడువేలు ఎత్తి చూపింది,
రెండో గణుపు దాకా ఎర్రమన్ను.
"చెల్కల గింతే దిగింది కుర్మయ్యా.
నీ ముప్పై ఒకటి ఏడబోయిందో
ఆ డబ్బానే అడుగు."

రాత్రి పదకొండుకు మళ్ల తుంపర.
పక్కింటి రేకుల మీద చప్పుడైతున్నది,
తెర మీద సున్నా.
గిన్నెల మూడు మిల్లీలీటర్లు చేరి ఉంటయి,
నాలుగోదాని కోసం ఎదురుచూస్తా.
అది రాలే.
పొద్దుగాల ఎండకు ఆ మూడు గూడ ఉండవు.

నోటుబుక్కు తీసి తారీఖేసి
సున్నా పక్కన పెన్సిల్‌తోని రాసిన:
పడ్డది.