అరంగుళం

పొందూరు మెయిన్ రోడ్డులో నాది పటాలు కట్టే కొట్టు.
దేవుళ్ళు నాకు అంగుళాల్లో తెలుసు.
అరసవల్లి సూర్యుడు పన్నెండుకి పదహారు,
సింహాద్రి అప్పన్న పదికి పన్నెండు,
పోయినవాళ్ళు ఏ కొలతైనా సరే
గంధపు దండతో కలిపి మూడొందల యాభై.

ఆ మధ్యాహ్నం శ్రీకాకుళం బస్సు దిగి
ఒక సిస్టరమ్మ
గొట్టంలా చుట్టిన కాగితం ఇచ్చింది.
విప్పితే తల్లీ బిడ్డా.
అయిదొందల ఏళ్ళ కిందట ఇటలీలో
చెక్క మీద వేశాడట ఎవరో మహానుభావుడు.
ఆ నీలం, కొండలు దాటొచ్చిన రాయిని నూరి తీసిందట,
బంగారంతో సమానమట.
పెన్సిలు చెవిలో దోపుకుని అన్నీ విన్నాను.
పద్దెనిమిదికి ఇరవై నాలుగున్నర.
రెడీమేడ్ ఫ్రేము ఇరవై నాలుగే.
కింద అరంగుళం కోసేస్తే సరి.

బ్లేడు ఆనించబోతుంటే
భండారంలో నూలు అప్పజెప్పి వస్తూ
తవిటమ్మ గుమ్మంలో ఆగింది.
వాలుగ చేప దవడ పళ్ళతో
అరవై ఏళ్ళుగా పత్తి దువ్విన చెయ్యి.
ఆవిడ తీసిన పోగు
ఎదుటివాడు తుమ్మితే లేచిపోతుంది.
ఎవరి పటమని అడగలేదు.
ముక్కు ఆనేంత దగ్గరకి వంగి
"ఏ నంబరు నూలిది బాబూ?" అంది.

నవ్వాను.
ఆవిడ నవ్వలేదు.
"తలమీద ముసుగు సూడు.
ఒక పొర పడ్డ కాడ సెవి అగుపిస్తంది,
రెండో పొర కాడ నీడే,
మూడో పొరకి తెల్లబడిపోనాది.
నూరో నంబరుకి తక్కువ కాదు.
ఇది ఏసినోడు గుడ్డని సూసి ఎయ్యనేదు,
తడిమి ఏసినాడు.
ఆ నీలం కొంగు మోటుది, బరువు.
మోకాలి మీంచి జారితే అలాగే ఇరుగుతాది మడత."

కాగితం ఎగరకుండా ఫ్యాను ఆపేశాను.
పదిహేడేళ్ళుగా పటాలు కడుతున్నాను,
ఒక్క పటమూ చూడలేదని అప్పుడనిపించింది.

తల్లి చెంప మీద సన్నటి బీటలు.
చెక్క ముసలిదై రంగు పగిలిన గీతలు.
బొటనవేలితో రాశాను.
కాగితం నున్నగా ఉంది.
కంటికి పగులు, చేతికి లేదు.

బిడ్డ ఆవిడ గెడ్డం అందుకోబోతున్నాడు.
ఆవిడ చూపు వాడి మీద లేదు.
ఎడం వైపు, అంచు దాటి,
మా జిగురు డబ్బా ఉన్న మూల ఎక్కడికో.
"పిల్లడి కేసి సూడదేటి?" అన్నాను,
నాకు తెలీకుండానే ఆవిడ మాటల్లో.

తవిటమ్మ కాసేపు ఊరుకుంది.
"నా ముందు ఇద్దరు పోనారు బాబూ.
నాను పుట్టగానే మాయమ్మ
సేటడు తవుడికి పక్కింటోలికి నన్ను అమ్మీసింది,
మల్లీ తవుడిచ్చి కొనుక్కుంది.
సావు మోసపోవాలని.
ఏడాది దాకా నా మొకంలోకి సూడనేదట.
గోడకేసి సూస్తూ పాలిచ్చీదట.
ఈవిడికెవులు సెప్పినారో..."
సగంలో ఆపేసింది.

సిస్టరమ్మ నాకా బిడ్డ కథ చెప్పలేదు.
చెప్పక్కర్లేకపోయింది.

"ఆ కింద కోసేస్తావేటి?"
"అరంగుళమే. ఏం లేదక్కడ."
ఉంది.
కొంగు అంచున వెంట్రుకంత బంగారు గీత,
దాని కింద నుంచి ఆవిడ కాలి బొటనవేలు,
గోటి మీద బియ్యపు గింజలో సగమంత వెలుగు.
"అంచు నేకుండా గుడ్డేటి బాబూ?
పోగులు ఊడిపోవా?"

రెడీమేడ్ ఫ్రేము పక్కన పెట్టి
టేకు బద్ద కొలిచి కోశాను.
ఎక్కువైన డబ్బులు సిస్టరమ్మని ఎలా అడగాలో
ఇంకా తేలలేదు.

రాత్రి అద్దం బిగించాక చూస్తే
లోపల, ముసుగు మీద,
ఒక పత్తి నూగు.
తవిటమ్మ చీరదే కాబోలు.
మేకులు పీకి తియ్యాలి.
స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని
చాలాసేపు కూచున్నాను.
లైటు ఆర్పి
తాళం వేసుకుని వచ్చేశాను.