ఐసు తొట్టి

పొద్దున ఐదున్నరకి
నరసాపురం కాలవ గట్టు మీద ఆటోలు ఆగుతాయి.
షెడ్డులోకి నూట నలభై జతల గంబూట్లు,
నీలం ఏప్రాన్లు, మూతికి గుడ్డలు.
కళ్ళొక్కటే మనుషులవి.

రొయ్య తల తుంచాలి, నరం లాగాలి,
ఒలిచి కౌంటు వారీగా ట్రేలో వెయ్యాలి.
చేతికింద ఐసు కరక్కూడదు.
చెయ్యి కరిగితే ఏం చెయ్యాలో
రూల్సు కాగితంలో లేదు.

నాకు ముందు ఈ కుర్చీలో
వరహాలరాజుగారు కూచునేవారు.
బోర్డు మీద ఆ రోజు టార్గెట్టు రాసే ముందు
వాచీ విప్పి జేబులో వేసుకుని
మోచేతి దాకా ఐసు తొట్టిలో పెట్టేవారట.
వేళ్ళు తనవి కాకుండా పోయేదాకా ఉంచి
అప్పుడు సుద్దముక్క పట్టుకుంటే
అంకె వంకరగా వచ్చేదట.
"వంకరగా వచ్చిందే అసలు లెక్క" అనేవారట.

నేను డిప్లొమా చదివినవాణ్ణి.
నా అంకెలు గుండ్రంగా ఉంటాయి.

కంటైనరు విశాఖ వెళ్ళాల్సిన బుధవారం
ఏడో బల్ల సువార్తమ్మ ట్రే
రెండు కిలోలు తగ్గింది.
అందరూ వినేలా అరిచాను.
ఏమన్నానో ఇక్కడ రాయను.
ఆవిడ తలెత్తకుండా "ఆయ్" అంది.

మా గోదారోళ్ళ ఆయ్‌కి
ఏ నిఘంటువూ చాలదు.
పులుసు కుదిరిందంటే ఆయ్,
ఏటిగట్టు తెగిందంటే ఆయ్.
ఈ ఆయ్ మాత్రం
లోపల్నుంచి గడియ పడ్డట్టు వినబడింది.

ఆ తర్వాత షెడ్డులో గొణుగుడు ఆగిపోయింది.
పిల్లాడి ఫీజు, చీటీ పాట, ఆడపడుచు అలక,
పంకాల కింద రోజంతా పట్టే ఆ మాటల ముసురు
ఒక్కసారిగా వెలిసిపోయింది.
తూకం మాత్రం ఆ రోజు సరిపోయింది.
సరిపోవడానికి అంత భయపడతానని
నాకు తెలీదు.

రాత్రి అందరూ వెళ్ళాక
తొట్టిలో నా చెయ్యి పెట్టాను.
ముందు మంట.
తర్వాత సూదులు.
తర్వాత, చెయ్యి ఉన్న సంగతి
చెయ్యే చెప్పడం మానేసింది.
నాలుగు నిమిషాలు కూడా కాలేదు.
ఆవిడకిది పదకొండో ఏడు.

మర్నాడు ఏడో బల్ల దగ్గర నిలబడి
అందరూ వినేలా అన్న మాటని
అందరూ వినేలా వెనక్కి తీసుకున్నాను.
అరవడమే తేలిక. గొంతు రెండుసార్లు జారింది.
ఆవిడ నవ్వలేదు. పర్లేదనీ అన్లేదు.
రొయ్య తల తుంచుతూనే
"తవరికి నిద్దర్లేదేటండి, కళ్ళలాగున్నాయి" అంది.

ఓనరు ఫోన్లు, తిరిగొచ్చిన లాటు,
నెల్లాళ్ళుగా సయించని అన్నం,
పైవాళ్ళెవరూ అడగలేదు ఆ ముక్క.
కింద నుంచి వచ్చింది,
పోటు నీరు కాలవలోకి ఎగదన్నినట్టు.

"ఆయ్" అన్నాను.

ఇప్పుడు గంటకోసారి
గోరువెచ్చటి నీళ్ళ బకెట్టు బల్లల మధ్య తిరుగుతుంది.
గ్యాసు ఖర్చు గురించి ఓనరు ఇంకా సణుగుతాడు.
సువార్తమ్మ ట్రే ఇంకా అప్పుడప్పుడూ తగ్గుతుంది.

కొన్ని పొద్దుళ్ళు నేను మర్చిపోతాను,
పొడి చేత్తో సుద్దముక్క పట్టుకుంటాను.
అంకె గుండ్రంగా, ముద్దుగా వస్తుంది.
ఏడో బల్ల వైపు నుంచి
ఎవరో దగ్గుతారు.